సంగటికి నిల్చునా? — ఒక గ్యాసు పొయ్యి పద్యానికి టీకా తాత్పర్యం

మూలం (తేటగీతి)

గాలి కాగని పొయ్యియు, గరిటె తిప్ప
నూగి యొరిగెడి పొయ్యియు నొక్కటయ్య;
తూక మడుగుట కంటెను దొలుత నీవు
సంగటికి నిల్చునా యని సరిగ నడుగు.

అవతారిక

గండికోట లోయ అంచున గుడారం వేసి ఒక రాత్రి గడపాలని, గుత్తి కోట ఎక్కి పైన టీ కాచుకోవాలని వీపున సంచి తగిలించుకుని బయల్దేరేవాళ్లు ఇప్పుడు ఎక్కువయ్యారు. అట్టివారిలో ఒకడు ‘ఏ పొయ్యి కొనమంటావు సామీ?’ అని అడగగా కవి ఈ పద్యం చెప్పాడు. కవి ఎవరయ్యా అంటే, ఈ టీక రాస్తున్నవాడే. మూలకారుడూ వ్యాఖ్యాతా ఒక్కడే కనక కవిహృదయం మీద తగాదాకు తావు లేదు. ఆ మేరకు, ఇతరుల కావ్యాలకు టీక రాసిన మల్లినాథసూరి కంటే మా పని సుఖం.

ప్రతిపదార్థం

గాలికిన్ + ఆగని = గాలి తోలితే నిలవని; పొయ్యియున్ = స్టవ్వును; గరిటె తిప్పన్ = గరిటె పెట్టి కలియబెట్టగా; ఊగి = అటూ ఇటూ కదిలి; ఒరిగెడి = పక్కకు వాలిపోయే; పొయ్యియున్ = స్టవ్వును; ఒక్కటి + అయ్య = రెండూ ఒకటే, అనగా రెండింటితోనూ పస్తే; తూకము = అంగడివాడు ముందుగా చెప్పే గ్రాముల లెక్క; అడుగుట కంటెను = విచారించడం కన్నా; తొలుతన్ = ముందుగా; సంగటికి నిల్చునా = సంగటి గెలికేటప్పుడు స్థిరంగా ఉంటుందా; అని; సరిగన్ = మొహమాటం లేకుండా; అడుగు = అడుగుము.

సంగటిని గెలికేది తెడ్డు గానీ గరిటె కాదని అనంతపురం పాఠకులు ఆక్షేపిస్తారు. న్యాయమే. కవి యతి కోసం గరిటె పట్టుకున్నాడు, వంటకు మాత్రం తెడ్డే తీసుకుపోవాలి.

వ్యాఖ్య

‘గాలి’ ఇక్కడ పిల్లగాలి కాదు. నైరుతి ఋతుపవనం అరేబియా సముద్రంలో నీళ్లు నింపుకుని, పడమటి కనుమల్లో వాటిని దించుకుని, మన అనంతపురం మెట్ట దాకా వచ్చేసరికి ఒట్టి చేతులతో మిగులుతుంది. ఏడాది మొత్తానికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన, గాలికి మాత్రం కరువు లేదు. రామగిరి గుట్టల మీద గాలిమరలు పాతింది అందుకే. అంత మరను తిప్పే గాలి అరచేతి వెడల్పు కూడా లేని మంటను ఏం చేస్తుందో వేరే వ్యాఖ్యానం అక్కర్లేదు. ఆర్పకపోయినా వేడినంతా పక్కకు ఎత్తుకుపోతుంది, గిన్నె అడుగు చల్లగా ఉండగా గ్యాసు మాత్రం ఖర్చయిపోతుంది.

ఈ విషయంలో శీతల దేశాల శాస్త్రకారులు మనకు కొరగారు. వారి భయమంతా చలి. బ్యూటేను సున్నాకు అర డిగ్రీ కిందికి పోతే ఆవిరి కావడం మానేస్తుంది కనక, దాదాపు మైనస్ 12 దాకా తట్టుకునే ఐసోబ్యూటేనును, మైనస్ 42 దాకా దిగగల ప్రొపేనును కలిపిన డబ్బాలే కొనమంటారు. హిమాలయం ఎక్కేవాడికి అది శిరోధార్యం. మన డిసెంబరు తెల్లవారుజాము ఎంత వణికించినా సున్నా ఛాయలకు పోదు. కాబట్టి ఇక్కడ ఒట్టి బ్యూటేను డబ్బా చాలు, మిశ్రమానికి ఎక్కువ డబ్బు పెట్టడం ఎండాకాలంలో ఉన్ని శాలువా కొన్నట్టే.

మరి గాలికి మరుగు కడితే పోదా అని పూర్వపక్షం. ఇక్కడే ప్రమాదం ఉంది. గ్యాసు డబ్బా నెత్తినే మరమేకులా తిప్పి బిగించే పొయ్యిలు వంద గ్రాముల లోపువి కూడా దొరుకుతాయి, జేబులో పడతాయి, చూస్తే ముచ్చటేస్తుంది. కానీ వీటికి చుట్టూ రేకు కడితే మంట వేడి కిందికి మళ్లి డబ్బాను కాలుస్తుంది. డబ్బా లోపలి ఒత్తిడి పెరిగితే ఏమవుతుందో వంటింటి అనుభవం ఉన్నవారికి చెప్పనక్కర్లేదు. గాలి వచ్చేవైపు మాత్రమే అడ్డం పెట్టి, మిగతా వైపులు తెరిచి ఉంచాలి. అలా కాదు, చుట్టూ కట్టే తీరతానంటే రబ్బరు గొట్టంతో డబ్బా దూరంగా ఉండే మూడు కాళ్ల పొయ్యి కొనాలి.

ఇక పద్యానికి ప్రాణం నాలుగో పాదం. పొయ్యిల పరీక్ష ఎక్కడ చూసినా ఒక్కటే: అర లీటరు నీళ్లు ఎన్ని నిమిషాల్లో మరిగాయి? ఆ పరీక్షలో నెగ్గిన పొయ్యి నీళ్లు మరిగించడానికి పనికొస్తుందని మాత్రమే రుజువైంది. పొట్లం విప్పి వేడినీళ్లు పోసుకు తినేవారికి అంతకన్నా అక్కర్లేదు. మన పక్షం వేరు. ఎసట్లో నూకలు ఉడకాలి, రాగిపిండి పోయాలి, మూతపెట్టి సన్నమంట మీద మగ్గనివ్వాలి, ఆపైన ఉండలు కట్టకుండా తెడ్డుతో బలం కొద్దీ గెలకాలి. ఇంట్లో అయితే కుండను కింద దించి పాదాలతో అదిమిపట్టి గెలికే పని ఇది. ఇందులో పొయ్యికి రెండు అగ్నిపరీక్షలు. మొదటిది సన్నమంట. బర్నరు బొటనవేలంత ఉంటే మంటంతా గిన్నె నడుమ ఒక్కచోటే తగిలి, అక్కడ మాడి చుట్టూ పచ్చిగా మిగులుతుంది. పైగా చాలా చిన్న పొయ్యిలకు భగ్గుమనడమో ఆరిపోవడమో తప్ప మధ్యస్థం తెలియదు. రెండోది గెలుకుడు. మడతపెట్టే మూడు పలచటి రేకుల మీద గిన్నె, దాని కింద నిటారు డబ్బా, దాని కింద గులకరాళ్ల నేల. తెడ్డు ఒక్క చుట్టు తిరిగేసరికి సంగటి భూదేవికి నైవేద్యం.

కనుక సిద్ధాంతం: పెట్టెలాగా పడుకుని ఉండే పొయ్యి ఉత్తమం. జపానులో ఇవాతాని సంస్థ 1969లో తెచ్చిన తరహా ఇది. పొడుగాటి డబ్బాను పక్కన ఒక గదిలో పడుకోబెడతారు, బర్నరు వెడల్పు, ఎత్తు తక్కువ. కిలోన్నర పైన తూగుతుంది. అందుకే తూకం వీరులు దాన్ని చూసి నవ్వుతారు. రాత్రి ఎనిమిదింటికి సంగటి ముద్ద, శనక్కాయల ఊరిబిండి ముందుకొచ్చినప్పుడు ఆ నవ్వు వినపడదు. ఒక్క నియమం ఉంది. గిన్నె మరీ పెద్దదైతే అంచు డబ్బా గది మీదికి వచ్చి వేడి అటు దిగుతుంది, ఇద్దరు ముగ్గురికి సరిపడే గిన్నెతో ఆగాలి. పదిమంది జీపులో పోయేట్టయితే 2020లో ‘ఛోటూ’ అని పేరుపెట్టిన 5 కిలోల సిలిండరు ఉంది. చిరునామా రుజువు లేకపోయినా గుర్తింపు కార్డు చూపితే ఇస్తారు. అయితే ఇనుము బరువు కలుపుకుంటే అది వీపున మోసే వస్తువు కాదు.

‘ఇదంతా ఎందుకు, మూడు రాళ్లు పెడితే సరిపోదా? మందల వెంబడి ఊళ్లకు ఊళ్లు తిరిగే గొర్రెల కాపరులు అట్లే వండుకోలేదా?’ అని మరొక పూర్వపక్షం. బలమైన వాదమే. కాపరికి ఏ గట్టు మరుగున గాలి తగ్గుతుందో, ఏ ఎండుపుల్ల పొగ లేకుండా మండుతుందో తెలుసు. నిన్న సాయంత్రం బెంగుళూరులో బండెక్కినవాడికి తెలియదు. మార్చి దాటితే గుట్టల మీద బోదగడ్డి అంతా ఎండి నిప్పురవ్వ కోసం ఎదురుచూస్తుంటుంది. రిజర్వు అడవిలో నిప్పు రాజేయడం నేరం కూడా. గ్యాసు మంట నిప్పు కాదా అంటే, అవును, అదీ నిప్పే. అడవిలోపల అటుకులు నానబెట్టుకుని తినడమే శాస్త్రసమ్మతం.

విశేషాలు

పొయ్యి, గ్యాసు డబ్బాలు పట్టుకుని గుంతకల్లు మీదుగా రైల్లో పోదామనుకునేవారికి: 1989 నాటి రైల్వే చట్టం 164వ సెక్షను ప్రకారం అలాంటి సరుకు తీసుకెళ్తే మూడేళ్ల దాకా జైలో, వెయ్యి రూపాయల దాకా జరిమానానో, రెండూనో పడవచ్చు. 2023 ఆగస్టులో మదురై దగ్గర ఆగి ఉన్న యాత్రికుల పెట్టెలో దొంగచాటుగా తెచ్చిన సిలిండరు వల్ల మంటలు లేచి తొమ్మిదిమంది పోయారు. ఈ ఒక్కచోట టీకాకారుడికి హాస్యం లేదు.

కారులో పోయేవారికి ఎండ శత్రువు. డబ్బా మీద 50 డిగ్రీలు దాటనివ్వొద్దని రాసి ఉంటుంది. ఏప్రిల్ మధ్యాహ్నం అద్దాలెత్తి ఆపిన బండి లోపల ఆ 50 దాటడానికి ఎంతోసేపు పట్టదు. డబ్బాలు తడిగుడ్డలో చుట్టి, బండి నీడన ఆపాలి. కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను అయిదెకరాల పైన పరుచుకుని ఉంది కనక అక్కడ నీడకు లోటు లేదు. ఆ ఎండుటాకుల మీద పొయ్యి వెలిగిద్దామనే ఆలోచన వస్తే మాత్రం, మళ్లీ అటుకుల ప్రకరణం చూడగలరు.