తొడగొట్టిన మేధావులు

రాత్రి పదకొండు దాటాక ఉస్మానియా హాస్టళ్లలో, పక్కనే తార్నాక అద్దె గదుల్లో ఒక మహత్తర పరిశోధన మొదలవుతుంది. గోడకి తెల్ల దుప్పటి, ఎదురుగా ఎరువు తెచ్చిన ప్రొజెక్టర్, మధ్యలో మిర్చి బజ్జీల పొట్లం. పరిశోధనాంశం: 'పల్నాటి బ్రహ్మనాయుడు', 2003, దర్శకత్వం బి. గోపాల్. బాలకృష్ణ తొడ కొడతాడు, రైలు వెనక్కి పోతుంది. గది గొల్లుమంటుంది. రివైండ్. మళ్లీ తొడ, మళ్లీ రైలు.

నవ్వండి, ఎవరొద్దన్నారు? ఆ నవ్వు తర్వాత వచ్చే వ్యాఖ్యానమే భరించలేం: "మేం సినిమా చూస్తలేం బ్రో, ఐరనీని ఎంజాయ్ చేస్తున్నం."

ఆహా! అదే సీనుకి నేలటికెట్టువాడు ఈల వేస్తే మూర్ఖాభిమానం, తమరు వేస్తే కల్ట్. వాడు కాగితాలు చింపి ఎగరేస్తే న్యూసెన్స్. అమెరికాలో అర్ధరాత్రి ఆటకి 'ది రూమ్' చూస్తూ ప్లాస్టిక్ చెంచాలు విసిరితే సంస్కృతి! అదీ 2003 సరుకే. టామీ వైసో తనే రాసి, తనే తీసి, తనే నటించిన ఆ కళాఖండం పేరెత్తగానే చాయ్ కప్పు పట్టుకున్న చేతులు భక్తితో వణుకుతాయి. మన రైలు మాటొస్తే మాత్రం మూతి వంకర.

ఇక భౌతికశాస్త్రం. తొడ కొడితే రైలు కదలదని కనిపెట్టడానికి 1918లో పుట్టిన విశ్వవిద్యాలయం అక్కర్లేదు. కానీ ఈ శాస్త్రవేత్తలే 2017లో 'బాహుబలి 2'లో తాటిచెట్లు వంచి సైనికుల్ని కోటలోకి విసిరితే "విజన్" అన్నారు. 2022లో 'ఆర్ఆర్ఆర్' హీరో మోటార్‌సైకిల్ ఎత్తి గిరాటేస్తే లేచి నిలబడ్డారు. మరుసటేడు 'నాటు నాటు'కి ఆస్కార్ వచ్చాక ఇక కూర్చోనేలేదు. పాపం న్యూటన్‌గారు బడ్జెట్ చూసి పనిచేస్తారు. గ్రాఫిక్స్‌కి కోట్లు పోస్తే సెలవు పెడతారు, పొయ్యకపోతే డ్యూటీకొస్తారు.

నేలటికెట్టువాడికి ఏమీ తెలియదనుకోకండి. జామియా ఉస్మానియా స్టేషన్లో ఎంఎంటీఎస్ కోసం పడిగాపులు పడేవాడు వాడు. తొడ కొడితే బండి వెనక్కి పోవడం అటుంచి, ముందుకైనా రాదని వాడికి తెలిసినంత మీకు తెలియదు. తెలిసే ఈల వేస్తాడు. 2014లో సంపూర్ణేష్ బాబు 'హృదయ కాలేయం'తో వచ్చి, కావాలనే శ్రుతిమించిన హీరోయిజం వడ్డిస్తే, జనం టికెట్టు కొని, కడుపారా నవ్వి, ఇంటికెళ్లి పడుకున్నారు. ఏ సిద్ధాంతమూ అడగలేదు.

అందుకని మేధావులకో మనవి. సినిమా చెత్తయితే కలిసే నవ్వుదాం. నచ్చితే కలిసే ఈల వేద్దాం. ఈల వేసేసి, అది కొటేషన్ మార్కుల్లో వేశానని దబాయించడముందే, అసలు సిసలు చెత్త సినిమా అదీ! దానికి సెకండ్ షో దాకా ఆగక్కర్లేదు. పట్టపగలే క్యాంటీన్లో ఉచితంగా ఆడుతోంది.