కంపు పుట్టించే పని నాది

నేను కిప్స్ పరికరాన్ని. తిరుపతిలో ఒక కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో, ఫ్యూమ్ హుడ్ కింద ఉంటాను. ఒకదాని మీద ఒకటి నిలిచిన మూడు గాజుబుడ్లే నా ఒళ్లు. 1844 ప్రాంతంలో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ పట్టణంలో పెట్రస్ యాకోబుస్ కిప్ అనే మందుల వ్యాపారి మా వంశానికి ఈ రూపం ఇచ్చాడు.

నడుమ బుడ్డిలో ఫెర్రస్ సల్ఫైడ్ ముక్కలుంటాయి. పైన పోసిన సజల ఆమ్లం గొట్టం గుండా అడుగుబుడ్డికి దిగి, అక్కణ్ణుంచి పైకెక్కి ముక్కల్ని తాకుతుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. కుళాయి కట్టేస్తే లోపల చేరిన గ్యాసే ఆమ్లాన్ని వెనక్కి నెట్టి చర్యను ఆపేస్తుంది. కిప్ గారి తెలివంతా ఇందులోనే ఉంది.

సాల్ట్ అనాలిసిస్ మొదలైతే గదంతా కుళ్లిన కోడిగుడ్ల వాసన. "ఏంది సార్ ఈ కంపు!" అని పిల్లలు ముక్కు మూసుకుంటారు. కంపు తెలిసినంతసేపూ నయమే. గ్యాసు బాగా ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు, అది ప్రాణాంతకం. అందుకే అటెండరన్న ముందు ఫ్యాను వేసి, ఆ తర్వాతే నా కుళాయి తిప్పుతాడు.

ఒకసారి సారు ఇత్తడి రజను తెచ్చి నత్రికామ్లంలో కరిగించారు. నత్రికామ్లం మిగిలితే నా గ్యాసును గంధకంగా మార్చి పాడుచేస్తుంది కాబట్టి, హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తూ ఇగిర్చి దాన్ని పోగొట్టారు. నీళ్లు కలిపిన ఆ నీలిద్రావణంలోకి నా గ్యాసును వదిలారు. "నల్లగా వస్తాండాది సార్!" అది కాపర్ సల్ఫైడ్. వడకడితే కింద నీళ్లలాంటి ద్రావణం మిగిలింది. "ఇంకేముంది సార్, అయిపాయె" అన్నారు పిల్లలు. సారు దాన్ని మరిగించి, అమోనియం క్లోరైడు, అమోనియా చేర్చి, మళ్లీ నా కుళాయి తిప్పారు. తెల్లటి అవక్షేపం దిగింది. జింకు!

గ్యాసు ఒకటే. ఆమ్లంలోని హైడ్రోజన్ అయాన్లు అది విడిపోకుండా అణచి, సల్ఫైడ్ అయాన్లను అతి తక్కువగా ఉంచుతాయి. ఉమ్మడి అయాన్ ప్రభావం అంటే అదే. కాపర్ సల్ఫైడ్ ద్రావణీయతా లబ్ధం జింక్ సల్ఫైడ్ దానికన్నా కోట్ల రెట్లు చిన్నది కాబట్టి రాగికి ఆ కాసిన్ని అయాన్లే చాలు. జింకుకు చాలవు; అమోనియా వచ్చి ఆమ్లాన్ని పోగొట్టేదాకా అది ఆగాల్సిందే. లోహాలను ఇలా వరసగా అవక్షేపంగా దించే దశలనే గ్రూపులంటారు. వాటిలో సీసం తీరు వేరు. మొదటి గ్రూపులో తెల్లటి క్లోరైడుగా దిగినా, అది కొంత నీళ్లలో కరుగుతుంది గనక రెండో గ్రూపులో నల్లగా మళ్లీ కనిపిస్తుంది.

రాగి ఈ ఊరివాళ్లకు కొత్తేమీ కాదు. తాళ్లపాక వారి కీర్తనలను తిరుమల సంకీర్తన భండారంలో శతాబ్దాలు కాపాడినవి రాగిరేకులే. రాగిని నల్లబరిచే నా గ్యాసు వాటి దరిదాపులకు పోకూడదు.

ఇప్పుడు కొన్ని ల్యాబుల్లో నా బదులు థయోఎసిటమైడ్ ద్రావణాన్ని వేడిచేస్తున్నారు. దానిలోంచి పుట్టేదీ ఈ గ్యాసే. ఏది వాడినా, పిల్లలకు ఒక్క కాటయాన్ కాకుండా రెండు కలిపి ఇవ్వాలని నా కోరిక. ఒక్కటే ఉంటే రంగు చూసి చెప్పేస్తారు: నీలమైతే రాగి, ఆకుపచ్చైతే నికెల్. ఇత్తడిలో ఆ నీలం మాటున ఉన్న జింకును పట్టాలంటే మాత్రం గ్రూపుల వరస తప్పకుండా చివరిదాకా నడవాలి.