కంచం లాకర్‌లో, కూడు స్టీల్లో

కొత్త అల్లుడికైనా మూడు పూటలే మర్యాద. మా ఇంటి వెండి కంచానికి మాత్రం ఏడాది పొడుగునా. దానికోసం బ్యాంకులో లాకర్ అద్దెకు తీశాం. మేం స్టీలు కంచంలో తింటాం, అది స్టీలు పెట్టెలో పడుకుంటుంది.

వెండి కంచంలో తింటే ఒంటికి మంచిదని చెప్పే పెద్దలకు కొదవలేదు. క్రిములు చస్తాయట. వెండికి ఆ గుణం ఉన్నమాట నిజమే. కాలిన గాయాలకు రాసే మందుల్లో వెండి కలిసినవి ఉన్నాయి. మరి లాకర్‌లో పడుకున్న కంచం ఎవరి క్రిములను చంపుతున్నట్టు? బ్యాంకు మేనేజరువా?

శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికి మూట ఇంటికొస్తుంది. విప్పితే కంచం, ఉగ్గుగిన్నె, నాలుగు చెంచాలు బొగ్గుల బస్తాలోంచి తీసినట్టుంటాయి. "కల్తీ వెండి అంటగట్టాడు" అని కొట్టువాడికి శాపనార్థాలు. 925 వెండి అంటే వెయ్యి పాళ్లలో 925 వెండి, తక్కిన 75 సాధారణంగా రాగి. అదీ లేకపోతే చెంచా కాడ గట్టి హల్వాకే వంగిపోతుంది. అసలు నలుపు తెచ్చేది గంధకం. గాలిలో కాస్త ఉంటుంది, కోడిగుడ్డు సొనలో ఉంటుంది. అది చాలదని మూటకు మనమే రబ్బరుబ్యాండు బిగిస్తాం. రబ్బరును గట్టిపరచడానికి వాడేదీ గంధకమే! దొంగను పిలిచి తాళంచెవి ఇచ్చినట్టు.

ఆపైన టూత్‌పేస్టు సేవ. అందులోని పొడి నలుపుతోపాటు వెండినీ గీకేస్తుంది. కంచం అంచున చెక్కించిన మా బామ్మ పేరులో ఇప్పుడు చివరి రెండక్షరాలే మిగిలాయి. గిన్నెలో అల్యూమినియం రేకు పరిచి, వేడినీళ్లూ వంటసోడా వేసి, వెండిని రేకుకు ఆనించి ఉంచితే గంధకం వెండిని వదిలి అల్యూమినియాన్ని పట్టుకుంటుంది. వెండి గీరుకుపోదు. కానీ తోమందే తృప్తేదీ?

రోజూ తిని, కడిగి, పొడిగా తుడిచే వెండికి నలుపు అంత తొందరగా ఎక్కదు. బామ్మ బతికినన్నాళ్లూ ఆ కంచంలోనే పప్పన్నం తింది. ఆవిడ పళ్లకే టూత్‌పేస్టు ఎరగదు, ఇక కంచానికేం రాస్తుంది?

మొన్న వ్రతమైన మర్నాడు, మూట మళ్లీ బ్యాంకుకు వెళ్లేలోపు ధైర్యం చేశాను. "ఇవాళ వెండి కంచంలో పెట్టు" అన్నాను.

మా ఆవిడ ఉలిక్కిపడింది. "ఏమండీ, ఏమన్నా విశేషమా?"

"ఆకలి" అన్నాను.

స్టీలు కంచం వచ్చింది.