రోగానికి కులం లేదట

రోగానికి కులం లేదన్నది మన వైద్యరంగం ముచ్చటపడి పెంచుకున్న సిద్ధాంతం. మాట నిజమే. కులం ఉన్నది మందిచ్చే చేతికి.

పుదుచ్చేరికి దక్షిణాన ఉన్న బాహూరు వైపు పల్లెల్లో ఊరు ఒకచోట, దళితులుండే సేరి మరోచోట. అందువల్ల ఆస్పత్రి చీటీలో కులం గడి అక్కర్లేదు, వీధి పేరు చాలు. కులం అడగని సంస్కారమూ నిలుస్తుంది, తెలుసుకోవలసిందీ తెలిసిపోతుంది.

పుదుచ్చేరి నగరంలోని జిప్‌మర్ వైద్య సంస్థకు 1823లో ఫ్రెంచివారు పెట్టిన వైద్య పాఠశాల మూలం. అంటే ఈ గడ్డ మీద వైద్యవిద్యకు రెండు వందల ఏళ్లు. అదే గడ్డకు 1964లో ప్రకటించిన షెడ్యూల్డు కులాల జాబితాలో ఆది ఆంధ్ర, మాల, మాదిగ, తోటి పేర్ల పక్కనే ‘పాకీ’ కూడా ఉంది. మలం ఎత్తే పనే కులం పేరై గెజిట్‌కెక్కింది. ఆ పనిని 1993లో ఒక చట్టం నిషేధించింది, 2013లో మరొకటి మళ్లీ నిషేధించింది. ఒకే పనిని రెండుసార్లు మాన్పించవలసి వచ్చిందంటే దానికి గిరాకీ బాగానే ఉందన్నమాట. ఆ పనివల్ల ఒళ్లంతా పుండ్లయినవాడికి దొరికే ఉచిత సలహా: శుభ్రంగా ఉండాలి.

గ్రామాల్లో అంటరానితనంపై 2006లో వెలువడిన అధ్యయనం 11 రాష్ట్రాల్లో 565 ఊళ్లు చూసింది. వాటిలో మూడోవంతు ఊళ్లలో ఆరోగ్య సిబ్బంది దళితుల గడప తొక్కడం లేదని తేల్చింది. గుజరాత్, రాజస్థాన్‌లలో దళిత పిల్లల అనుభవాలు సేకరించినవారికి ఇంకో విద్య కనిపించింది: వేలు తగలకుండా మాత్రను పైనుంచి పిల్లవాడి అరచేతిలోకి జారవిడవడం. ఆ గురి సూది వేసేటప్పుడూ ఉంటే రోగులు దండం పెట్టేవారు.

దళిత స్త్రీ అగ్రకుల స్త్రీకన్నా సగటున 14.6 ఏళ్లు ముందే చనిపోతోందని 2018 నాటి ఐక్యరాజ్యసమితి మహిళా విభాగం నివేదిక చెప్పింది. కులం చూడని రోగానికి ఎవరింటికి ముందు వెళ్లాలో మాత్రం బాగా తెలుసు.

అమెరికాలోనూ యంత్రానికి రంగు తెలియదనే నమ్మారు. వేలికి తగిలించే ఆక్సిమీటరు, రక్తంలో ప్రాణవాయువు తగ్గిన సంగతిని తెల్లవారిలోకన్నా నల్లజాతి రోగుల్లో దాదాపు మూడు రెట్లు ఎక్కువగా పట్టుకోలేకపోతోందని 2020లో బయటపడింది. మూత్రపిండాల పనితీరు లెక్కగట్టే సూత్రంలో జాతినిబట్టి వేసే గుణకాన్ని 2021లో తీసేశారు. అక్కడ తప్పు కాగితం మీద ఉంది కాబట్టి కొట్టేయడానికి వీలైంది. మన దగ్గర ఏ కాగితం మీదా ఏమీ రాయరు. అవమానం జరిగిందంటే రుజువు తెమ్మంటారు, పట్టుబడితే ఫిర్యాదుల పెట్టె చూపిస్తారు. ఎవరి మీద ఫిర్యాదో, పెట్టె తాళంచెవి తరచూ వారి దగ్గరే ఉంటుంది.