వెలగని చిచ్చుబుడ్డి ఆత్మకథ

దీపావళి పొగ ఎటు పోతుందో తేల్చేది చిచ్చుబుడ్డిలో కూరిన మందు ఒక్కటే కాదు. పగలంతా ఊరు పట్టి ఉంచుకున్న వేడికీ అందులో వాటా ఉంది. మదనపల్లెలో ఒక మిద్దె మీద మిగిలిపోయి తన కథ చెప్పుకుంటున్న ఈ బుడ్డికి అసలు గుర్రు అదే: తిట్లన్నీ దానికే, సిమెంటును అనేవాడు లేడు.

పుట్టుక శివకాశిలో. సురేకారం, గంధకం, బొగ్గు, లోహపు పొడి. అంతకుమించి చెప్పుకోవడానికేం లేదు. కాలితే 2.5 మైక్రాన్ల కన్నా సన్నని ధూళి లేచి ఊపిరితిత్తుల లోతుకు పోతుంది. 24 గంటల సగటున ఘనపు మీటరు గాలిలో అది 60 మైక్రోగ్రాములు దాటకూడదని దేశంలో నియమం.

పొద్దుగూకాక ఊరి బయట టమాటా తోటల్లో నేల తొందరగా చల్లబడుతుంది. దాన్ని ఆనుకున్న గాలీ చల్లబడితే, పైనున్న వెచ్చగాలి మూతలా నిలిచి పొగను లేవనివ్వదు. ఊరి నడుమ మిద్దెలు, తారురోడ్లు రాత్రంతా వేడి కక్కుతుంటాయి కాబట్టి పొగ కొంత పైకి పోతుంది. మేలే కదా అనుకోవడానికి లేదు. వెచ్చగాలి లేచిన చోటికి శివార్ల గాలి మెల్లగా వచ్చి చేరుతుంది, అక్కడ కాల్చిన పొగతో సహా. ఊరి నడుమకూ శివార్లకూ మధ్య ఈ వేడి తేడా హైదరాబాదులో పెద్దది, పుంగనూరులాంటి చోట చిన్నది.

కాలం మారితే పొగ దారీ మారుతుంది. కుప్పం గంగమ్మ జాతరలో టపాసులు కాల్చేది మే నెలలో. అప్పటి పగటి ఎండకు గాలి చాలా ఎత్తుకు లేచి పొగ పలచబడుతుంది. అదే ఎండ వాహనాల పొగతో కలిసి ఓజోన్‌ను పెంచుతుంది.

ఈ బుడ్డికి ఏ జాతరా దక్కలేదు. కొన్నవాళ్లు పెట్టెను మిద్దె మీదే వదిలేశారు. ఈశాన్య రుతుపవనాల జల్లుకు అట్ట మెత్తబడింది. పండగ రాత్రి వత్తి బుస్సుమని ఆరిపోయింది. ఎవరో కాలితో తన్నితే దొర్లుకుంటూ పోయి నీళ్లగొట్టం పక్కన పాత సిమెంటు సంచి కింద పడింది. తోడబుట్టిన బుడ్డుల డొల్లలను పొద్దున్నే వీధి మూలకు ఊడ్చి, ప్లాస్టిక్ కవర్లతో కలిపి నిప్పంటించారు. వెలుగు లేదు, పొగ మాత్రం దండిగా. తెల్లవారుజామున గాలి మిగతా వేళల కంటే కిందికి అణగి ఉంటుంది గనక ఆ పొగ గుమ్మాలు దాటి పోలేదు. దాన్నీ చిచ్చుబుడ్డి లెక్కలోనే రాశారు.

దీపావళికి రాత్రి 8 నుంచి 10 దాకా మాత్రమే కాల్చాలని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. పొద్దుటి మంటలకు ఆ పాటి గడియారమూ లేదు. వెలగని బుడ్డిని నీళ్ల బకెట్లో ముంచి చెత్తబండికి ఇవ్వండి, డొల్లలను కాల్చకండి.