మూడు గిన్నెల టిఫిన్

నేను మూడు గిన్నెల స్టీలు టిఫిన్‌ని. నా ఇల్లు పాలకుర్తి. విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురునిలిచి చాకలి ఐలమ్మ తన పంట దక్కించుకున్న ఊరది. భూమి మీద మమకారం అక్కడ ఎవరికీ తక్కువ కాదు. నా యజమాని కూడా ఎకరం చెలకను వదులుకోలేదు; అది కడుపు నింపక, వరంగల్ ఆజంజాహి మిల్లులో చేరాడు. నిజాం కాలంలో, 1934లో మొదలైన మిల్లు. 1974లో నేషనల్ టెక్స్‌టైల్ కార్పొరేషన్ చేతికొచ్చింది.

మిల్లు దగ్గర అద్దె గది, ఊళ్లో భార్యాపిల్లలు. ఆయన బయలుదేరే పొద్దు ఆమె అడుగు గిన్నెలో అన్నం, నడిమి గిన్నెలో పప్పు, మీది గిన్నెలో చింతకాయ తొక్కు పెట్టేది. తొక్కు మాత్రం నాలుగు పూటలకు సరిపోయేలా అదిమి పెట్టేది. రాత్రి షిఫ్టు దిగి, కనుబొమ్మల మీద దూది నలుసులతోనే ఒరిగిపోయే మనిషి కూర వండుకోడని ఆమెకు తెలుసు.

“బాపు ఎప్పుడొస్తడే?” అని చిన్నోడు అడిగేవాడు.

“షిఫ్టు మారినంక.”

వారానికో సెలవు కార్మికుడి హక్కని 1948 ఫ్యాక్టరీల చట్టం చెప్పింది. ఆ సెలవంతా చెలకకే పోయేది. పిల్లలు ఆయన పక్కన కూర్చున్నది తిరుగు బస్సు కోసం స్టేజీ దగ్గర ఎదురుచూసినంత సేపే.

ఆయన ఎనిమిది గంటల పనికి మిల్లులో మస్టరు ఉండేది. బర్రెకు గడ్డి, చెలకకు కలుపు, అత్తకు మందులు, పిల్లలకు బడి, వీటన్నిటికీ ఆమె పేరున ఏ మస్టరూ లేదు. ఆయన ఉద్యోగం నిలబడ్డది ఆమె చాకిరీ మీదే. ఈ మాట నేను గట్టిగా చెబుతాను.

2002లో మిల్లు మూతపడింది. చేతికొచ్చిన పైసలతో ఇంటికప్పు రేకులు మార్చారు. కొడుకుతో మాట కలపడానికి మాత్రం ఆయనకు చాలా కాలం పట్టింది.

ఇప్పుడు కోడలు కుట్టు ఫ్యాక్టరీకి పోతోంది. 2017 చట్ట సవరణతో ప్రసూతి సెలవు 12 వారాల నుంచి 26కు పెరిగింది. 50 మంది, అంతకు మించి పనిచేసే చోట పసిపిల్లల సంరక్షణ గది ఉండాలన్నారు. పని అడగబోయిన రోజు, జీతం సంగతి కన్నా ముందు ఆమె ఆ గది ఎక్కడని అడిగిందట. ఇంటికొచ్చి చెబితే అత్త నన్ను తోముతూనే, “మంచిగ అడిగినవ్ బిడ్డా, మాకు అడగాల్నని కూడా తెల్వలే” అన్నది.