తాలు తెర, మేలు ధర

చేతిలో పట్టుకుని ఆడుకునే గేమ్ కన్సోళ్లను తయారుచేసే కంపెనీలు గత ఇరవై ఏళ్లలో కనిపెట్టిన విద్యలన్నిటిలోకీ గొప్పది, లోపమున్న సరుకును మేలైన సరుకు ధరకు అమ్మి, ఆ లోపం సరుకుకు పుట్టుకతో వచ్చిన గుణమేనని కొన్నవారి చేతనే ఒప్పించే విద్య. ఆసియాలోకెల్లా పెద్దదిగా పేరుపడిన గుంటూరు మిర్చి యార్డులో తరతరాలుగా కాయను చేత్తో నలిపి, వెలుగుకు ఎత్తి రంగు చూసి ధర కట్టే వ్యాపారులకు కూడా ఈ విద్య ఇంతవరకు పట్టుబడలేదంటే దాని లోతు ఎంతటిదో ఊహించుకోవచ్చు.

మిర్చి చేలో కోసిన కాయంతా ఒకే తీరున ఉండదు. తెగులు సోకో, నీటి ఎద్దడి వల్లో, కల్లంలో ఆరబోసినప్పుడు వానకు తడిసో కొన్ని కాయలు ఎరుపు పోగొట్టుకుని తెల్లబారతాయి. వాటిని తాలు కాయలంటారు. ప్రత్తిపాడు నుంచి పర్చూరు దాకా, అద్దంకి నుంచి దర్శి దాకా కల్లాల్లో కూలీలు కూర్చుని ఈ తాలును ఏరి వేరే పోగు పెడతారు, టిక్కీలని పిలిచే బస్తాల్లో విడిగా తొక్కుతారు, యార్డులో దానికి విడిగానే ధర పలుకుతుంది, ఆ ధర తరచు మేలు కాయ ధరలో సగానికి అటూఇటూగా ఉంటుంది. తాలు పుట్టడం నేరమని యార్డులో ఎవరూ అనరు, తాలును కొనేవారూ ఉన్నారు. తాలును చూపించి మేలైన తేజ రకం కాయ ధర అడిగే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు. ఆ ధైర్యం కావలసినవారు కన్సోల్ కంపెనీల దగ్గర కొంతకాలం శిష్యరికం చేయాలి.

కన్సోల్ తెర మీది బొమ్మ పిక్సెళ్లనే చిన్న చుక్కలతో ఏర్పడుతుంది. ఒక్కొక్క పిక్సెల్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల ఉపపిక్సెళ్లు మూడు ఉంటాయి, ఎల్‌సీడీ తెరలో వాటిలో ప్రతిదాన్నీ ఒక సన్నటి ట్రాన్సిస్టర్ నడుపుతూ ఉంటుంది. ఆ ట్రాన్సిస్టర్ చెడితే చుక్క ఎప్పటికీ నల్లగా ఉండిపోతుంది, లేదా ఏదో ఒక రంగులో ఎప్పటికీ వెలుగుతూనే ఉంటుంది. మొదటిదాన్ని డెడ్ పిక్సెల్ అనీ, రెండోదాన్ని స్టక్ పిక్సెల్ అనీ అంటారు. తెర వెనక దీపం వెలుగు అంచుల సందుల్లోంచి కారడం, నలుపు కనిపించవలసిన చోట జపానువారు ముర అని పిలిచే మసక మరకలు తేలడం, ప్లాస్టిక్ డొప్ప ఒకవైపు బిగుతుగానూ మరోవైపు గోరు దూరేంత వదులుగానూ అతకడం, నొక్కిన మీట లోపలికి పోయి బయటికి రావడానికి మొరాయించడం ఇదే వంశానికి చెందిన తక్కిన లోపాలు.

ఈ చుక్కల సంగతిలో లోకం మరీ అరాజకంగా ఏమీ లేదు. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ 2001లో 13406-2 అనే ప్రమాణాన్ని ప్రకటించి తెరలను నాలుగు తరగతులుగా విడదీసింది. మొదటి తరగతి తెరలో ఒక్క చుక్క కూడా చెడి ఉండరాదు. రెండో తరగతిలో పది లక్షల పిక్సెళ్లకు ఎప్పుడూ వెలిగేవి 2, ఎప్పుడూ ఆరి ఉండేవి 2, ఉపపిక్సెల్ లోపాలు 5 దాకా చెల్లుతాయి. నాలుగో తరగతికి వచ్చేసరికి ఆ అంకెలు 50, 150, 500 అవుతాయి. తరువాత 9241 వరుసలోని 307వ భాగం దాని స్థానంలోకి వచ్చింది. దీన్నిబట్టి తెరల కర్మాగారంలోనూ ఒక కల్లం ఉందని, అక్కడ కూడా ఏరడం, తాలు పోగు పెట్టడం జరుగుతున్నాయని తెలుస్తూనే ఉంది. ఆ పోగుల్లో ఏ పోగు తెర తన చేతికి వచ్చిందో కన్సోల్ కొన్నవాడికి చెప్పే పద్ధతి మాత్రం ఇంకా పుట్టలేదు.

ఇందులో ఒక చిన్న లెక్క వినోదంగా ఉంటుంది. సోనీ కంపెనీ 2004 డిసెంబరు 12న జపానులో విడుదల చేసిన ప్లేస్టేషన్ పోర్టబుల్, అంటే పీఎస్‌పీ, తెరలో అడ్డంగా 480, నిలువుగా 272 చొప్పున మొత్తం 1,30,560 పిక్సెళ్లు ఉన్నాయి. రెండో తరగతి ఉదారత ప్రకారం ఆ తెరలో వెలిగే చుక్క పావుకు కాస్త ఎక్కువ, ఆరిన చుక్క పావుకు కాస్త ఎక్కువ చెడవచ్చు. పావు చుక్క చెడడం ఎలాగో ఏ ఇంజినీరూ వివరించలేడు కనుక, ఆ ప్రమాణాన్ని అక్షరాలా పాటిస్తే ఒక్క చుక్క పోయిన పీఎస్‌పీ కూడా తాలు పోగులోకే చేరాలి. అయితే ఆ ప్రమాణం కార్యాలయాల్లో వాడే తెరల కోసం రాసినది, ఆటబొమ్మలను కట్టడి చేయదు, కాబట్టి ఎన్ని చుక్కలు పోతే లోపమో కంపెనీయే నిర్ణయించుకుంటుంది.

పీఎస్‌పీ తొలి కొనుగోలుదారులకు చుక్కలతోపాటు ఇంకో బహుమానం కూడా దక్కింది. తెరను వీలైనంత వెడల్పు చేయడంతో కుడివైపు మీటలకు చోటు చాలక, చతురస్రం గుర్తున్న మీట కింద ఉండవలసిన స్విచ్ నడిమధ్య నుంచి పక్కకు జరిగింది. మీట సరిగా స్పందించడం లేదని ఫిర్యాదులు వచ్చాయి. అప్పటి సోనీ కంప్యూటర్ ఎంటర్‌టైన్‌మెంట్ అధిపతి కెన్ కుటరాగి 2005 జనవరిలో ఒక జపాను వ్యాపార పత్రికతో మాట్లాడుతూ, తాము ప్రపంచంలోకెల్లా అందమైన వస్తువును తయారుచేశామని, పేరుమోసిన వాస్తుశిల్పి గీసిన పటంలో గుమ్మం చోటు తప్పిందని ఎవరూ అనరని సెలవిచ్చారు. నరసరావుపేటలోనో చిలకలూరిపేటలోనో ఇల్లు కట్టించుకునేవారు ఈ వాదం వింటే నవ్వాలో ఏడవాలో తెలియక సతమతమవుతారు, ఎందుకంటే ఈ ప్రాంతంలో ఇల్లు కట్టడం మొదలయ్యేదే గుమ్మం చోటు గురించిన తగాదాతో. 2008లో వచ్చిన పీఎస్‌పీ-3000 నమూనాలో బొమ్మ వేగంగా మారినప్పుడు అడ్డగీతలు కనిపించసాగాయి. అవి కొత్త తెర నిర్మాణం వల్ల వచ్చినవని, కనుక సాఫ్ట్‌వేర్‌తో సరిదిద్దే ఆలోచన లేదని సంజాయిషీ వచ్చింది. సరుకును మెరుగుపరచినందువల్లే గీతలు వచ్చాయన్న ఈ తర్కానికి శాస్త్ర గ్రంథాల్లో ఇంకా పేరు పెట్టలేదు.

2017 మార్చి 3న స్విచ్ అనే కన్సోల్‌ను విడుదల చేసిన నింటెండో ఇంత కవిత్వం జోలికి పోలేదు. కొద్ది సంఖ్యలో ఆరిపోయిన చుక్కలు, ఇరుక్కున్న చుక్కలు ఎల్‌సీడీ తెరలకు సహజ లక్షణమని, వాటిని లోపంగా భావించరాదని వినియోగదారుల సమాచారంలో రెండు ముక్కల్లో తేల్చేసింది. అదే స్విచ్ జాయ్-కాన్ చేతిపిడుల్లోని పుల్లను ఎవరూ తాకకపోయినా తెర మీది బొమ్మ తనంత తాను నడిచిపోయే డ్రిఫ్ట్ అనే జబ్బు విషయంలో మాత్రం ఇంత సులువుగా తప్పించుకోలేకపోయింది: 2019లో అమెరికాలో దావా పడింది, అక్కడ ఉచితంగా బాగుచేయవలసి వచ్చింది, 2020 జూన్‌లో కంపెనీ అధ్యక్షుడు షుంతారో ఫురుకావా వాటాదారుల సమావేశంలో క్షమాపణ చెప్పారు. రాపిడికి అరిగే పొర స్థానంలో అయస్కాంతంతో పనిచేసే హాల్ సెన్సర్‌ను సెగా కంపెనీ 1998లోనే డ్రీమ్‌కాస్ట్ చేతిపిడిలో వాడింది కాబట్టి మందు తెలియని జబ్బు అని కూడా అనలేరు. తెర మీది ఒంటరి చుక్కకు అలాంటి అదృష్టం లేదు. అది ఆటను ఆపదు, కన్ను ఒకసారి చూశాక మళ్లీ మళ్లీ అక్కడికే పోయేలా చేస్తుందంతే, అంత చిన్న బాధకు న్యాయవాది దొరకడు.

కంపెనీల పక్షాన చెప్పవలసిన న్యాయమైన మాట ఒకటుంది. స్విచ్ తెరలో 9,21,600 పిక్సెళ్లు, వాటి లోపల 27 లక్షలకు పైగా ఉపపిక్సెళ్లు ఉన్నాయి. అన్నిటినీ తప్పు లేకుండా అచ్చువేయడం కష్టం, ఒక్క చుక్క పోయిన ప్రతి తెరనూ పారేస్తే మంచి తెర ధర పెరుగుతుంది. ఈ వాదాన్ని మిర్చి రైతు పూర్తిగా అర్థం చేసుకోగలడు, ఎకరంలో తాలు లేకుండా పండించడం అతనికీ చేతకాదు. అతనికి అర్థం కానిదల్లా, పారేయకుండా అమ్మిన తెరకు ధర ఎందుకు తగ్గలేదన్నది.

కంపెనీల ఈ నీతిని గుంటూరు, ప్రకాశం జిల్లాల రైతులు అందిపుచ్చుకుంటే యార్డు రూపురేఖలు మారిపోతాయి. ప్రతి టిక్కీకీ ఒక ముద్రిత కాగితం కుట్టి, ఇందులో కొన్ని కాయలు తెల్లగా ఉండవచ్చునని, అది మిరపజాతి సహజ లక్షణమని, దాన్ని లోపంగా భావించి తరుగు తీయరాదని ప్రకటించవచ్చు. పత్తి రైతు ఇంకా ముందుకు పోయి, వేళ్లకు తగిలే తేమ తన పంట చల్లదనానికి గుర్తుగా ప్రత్యేకంగా అమర్చినదని చెప్పుకోవచ్చు. అయితే 1970లో ఏర్పడిన భారత పత్తి సంస్థ, అంటే సీసీఐ, కొనుగోలు కేంద్రంలో తేమ యంత్రం ఉంటుంది, దానికి హాస్యం అర్థం కాదు. 2025-26 సీజనుకు పొడవు పింజ పత్తికి ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు; తేమ 8 శాతం లోపు ఉంటేనే ఆ ధర పూర్తిగా దక్కుతుంది, ఆపైన ఒక్కో శాతానికి ధరలో ఒక్కో శాతం, అంటే 81 రూపాయల చొప్పున తరుగుతుంది, 12 దాటితే పత్తి బండి వచ్చిన దారినే వెనక్కి పోవాలి. రైతు సరుకులో ఎంత లోపం చెల్లుతుందో కొనేవారు రాశారు, కన్సోల్‌లో ఎంత లోపం చెల్లుతుందో అమ్మేవారు రాశారు. ఈ రెండు పట్టికల్లో దేన్నీ రాసే కలం మార్టూరు రైతు చేతికి గానీ, కన్సోల్ కొన్న అతని కొడుకు చేతికి గానీ ఎప్పుడూ రాలేదు.

కంపెనీ పుస్తకాలను శ్రద్ధగా చదివితే ఇంకో సత్యం కూడా బయటపడుతుంది. స్విచ్ పనిచేయడానికి తగిన వాతావరణం 5 నుంచి 35 డిగ్రీల సెల్సియస్ అని నింటెండో పేర్కొంది. గుంటూరు, ఒంగోలు పట్టణాల్లో మే నెలలో పగటి వేడి 40 దాటడం ఎవరికీ వార్త కాదు. ఆ లెక్కన బడి సెలవులిచ్చి పిల్లలు ఆడుకునే కాలమంతా కన్సోల్ నిక్షేపంగా ఉంటుంది, జిల్లాయే నిర్దేశాలకు లోబడకుండా తయారై ఉంటుంది.

తిరునాళ్లలోనూ ఫ్యాన్సీ దుకాణాల్లోనూ కొన్ని వందల రూపాయలకు దొరికే 400 ఆటల చైనా పెట్టెను ఈ సందర్భంలో గౌరవంగా తలచుకోవాలి. 1983 నాటి నింటెండో కన్సోల్ ఫ్యామికామ్ ఆటల నకళ్లతో, పాత నోకియా ఫోన్లలో వాడిన బీఎల్-5సీ రకం బ్యాటరీతో వచ్చే ఆ పెట్టె తెర కాస్త వంకరగా ఉన్నా ఎవరూ గొడవపడరు, ఎందుకంటే తాలు తరుగు ముందే తీసేసి అమ్ముతున్నారు. నైతికంగా అది పదుల వేల రూపాయల కన్సోల్ కంటే ఒక మెట్టు పైనే ఉంది.

చట్టం మాత్రం కంపెనీల వేదాంతంతో ఏకీభవించడం లేదు. 2020 జూలై 20 నుంచి అమలులోకి వచ్చిన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం రెండో సెక్షను పదో ఉపవిభాగం ప్రకారం, వ్యాపారి చెప్పుకున్న నాణ్యతకు, పరిమాణానికి, ప్రమాణానికి తగ్గిన ఏ కొరతైనా లోపమే. డబ్బా మీద 1280×720 అని అచ్చువేసిన కంపెనీ 9,21,600 చుక్కలు ఇస్తానని చెప్పుకున్నట్టే, 9,21,599 ఇస్తే ఒకటి బాకీ పడినట్టే. చిక్కల్లా ఏమిటంటే, నింటెండో స్విచ్‌ను గానీ, 2022లో వచ్చిన వాల్వ్ కంపెనీ స్టీమ్ డెక్‌ను గానీ తయారీదారులు విడుదల చేసినప్పుడు భారతదేశంలో అధికారికంగా అమ్మకానికి పెట్టలేదు. అవి దిగుమతి వ్యాపారుల ద్వారానో, అమెరికాలో ఉన్న బంధువుల పెట్టెల్లోనో ఇక్కడికి చేరతాయి, వాటితో వారంటీ విమానం ఎక్కదు. కాబట్టి కొనేవారు దుకాణంలోనే తెరను ఒకసారి పూర్తి తెలుపుతో, ఒకసారి పూర్తి నలుపుతో వెలిగించి చూసుకోవాలి, ప్రతి మీటనూ నొక్కి చూడాలి, బిల్లు లేకుండా డబ్బు చెల్లించకూడదు. బిల్లు ఉంటే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915 నంబరుకు ఫోన్ చేయవచ్చు, ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లలోపు ఫిర్యాదు వేయవచ్చు. 5 లక్షల రూపాయల లోపు సరుకుకు అక్కడ రుసుము లేదు.